ఖాళీగా కూర్చున్నవానికి జీతమెందుకు? - గాలిమరలు, కరెంటు నిలకడ

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా చిట్టమూరులో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనందరికీ ముఖ్యమైన రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదనీ, చేసిన సేవకు దక్కిన హక్కనీ తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ, లైఫ్ సర్టిఫికెట్ల గురించీ మాట్లాడుకోవడం మన ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఇంట్లోవాళ్ళు కూడా వస్తారు, అందరికీ పనికొచ్చే విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. కరెంటు గురించి చెబుతానన్నాను. ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. గుమాస్తాకు కరెంటు సంగతేం తెలుసునని మీరూ అనుకోవచ్చు. నిజమే. నేను ఇంజనీరును కాను. 1973లో ట్రెజరీలో గుమాస్తాగా చేరి, 2008లో అదే శాఖలో రిటైరయినవాణ్ణి. కానీ ఈ విషయంలో నేనొక తప్పు చేశాను. ఆ తప్పుకు మా ఇంట్లో మూల్యం చెల్లించాం. అందుచేత తెలుసుకున్నాను. తెలుసుకున్నది మీకు మనవి చేస్తున్నాను.

మా అల్లుడికి ఇక్కడికి దగ్గర్లోనే రొయ్యల గుంటలున్నాయి. నా గ్రాట్యుటీ డబ్బులో మూడు లక్షలు అందులో పెట్టాను. రిటైరయిన గుమాస్తాకు చేతులు ఊరుకోవు గదా, వాళ్ళ జమాఖర్చులు కూడా నేనే రాసేవాణ్ణి. 2016 వేసవిలో ఒకరోజు ఖర్చుల పద్దు చూస్తుంటే "జనరేటరు కాపలా, నెలకు ఆరు వేలు" అన్న పద్దు కంటికి తగిలింది. ఆ మనిషి పని ఏమిటంటే, రాత్రిళ్ళు జనరేటరు పక్కన మంచం వేసుకొని పడుకోవడం, కరెంటు పోతే లేచి స్టార్టు చేయడం, వారానికొకసారి నడిపి చూసి బ్యాటరీ, డీజిలు సరిచూడడం. అంతకు ముందు నాలుగు నెలల్లో అతను రాత్రి లేవాల్సి వచ్చింది రెండే రెండుసార్లు. "నిద్రపోయేవాడికి జీతమేందయ్యా?" అని మా అల్లుణ్ణి కోప్పడి ఆ పద్దు మీద ఎర్ర పెన్సిలుతో గీత కొట్టాను. ట్రెజరీలో ముప్ఫై అయిదేళ్ళు అలవాటైన చెయ్యి.

ఇరవై రోజులు తిరగకముందే ఒక రాత్రి రెండు గంటలకు కరెంటు పోయింది. రొయ్యల గుంట సంగతి ఇక్కడున్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. రాత్రిపూట నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున అడుగంటుతుంది. ఆ సమయంలో ఏరియేటర్లు ఆగితే రొయ్య బతకదు. మా అల్లుడు ఇంటినుంచి పరుగెత్తేసరికే ఆలస్యమైంది. జనరేటరు బ్యాటరీ దిగిపోయి ఉంది. ఇంకొకరి బ్యాటరీ తెచ్చి తగిలించేసరికి రెండున్నర గంటలు గడిచిపోయాయి. తెల్లారేసరికి రెండు నెలల పంట తెల్లగా తేలింది. మా అమ్మాయి గట్టుమీద కూర్చుని ఏమీ మాట్లాడలేదు. మా అల్లుడు మాత్రం, "మీరు గీత కొట్టారు గానీ మామా, ఒప్పుకున్నది నేను గదా" అన్నాడు. ఆ మాట నన్ను తిట్టినదానికన్నా ఎక్కువ బాధపెట్టింది.

మనిషికి తన తప్పు ఒప్పుకోవడం కష్టం. ఆ రోజుల్లో ఊళ్ళో ఒక మాట వినపడుతుండేది, "అనంతపురం గాలిమరల కరెంటు కలిపినప్పటినుంచీ ఇంతే, నిలకడ లేదు" అని. నేనూ దాన్ని పట్టుకున్నాను. అప్పుడు ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలి దగ్గర కూడా అదే అన్నాను. "తాతా, ఆ రాత్రి చెట్టుకొమ్మ పడి మన లైను తెగింది. దానికీ గాలిమరలకూ సంబంధం లేదు. అయినా గాలిమరలకూ నిలకడకూ ఏదో తగాదా ఉందని మీరన్నది పూర్తిగా అబద్ధం కాదు. కూర్చోండి, చెబుతాను" అంది. ఆ పిల్ల ఇప్పుడు బెంగుళూరులో ఒక కంపెనీలో రేపు గాలి ఎంత వీస్తుందో లెక్కలు కట్టే ఉద్యోగం చేస్తున్నది. నేను ఈరోజు చెప్పేదాంట్లో సగం ఆ పిల్ల చెప్పిందే.

ముందుగా నిలకడ అంటే ఏమిటో చూద్దాం. సబ్ ట్రెజరీలో సాయంత్రం లెక్క కట్టాలి. వచ్చింది, పోయింది, నిల్వ. రూపాయి తేడా వస్తే ఆ రోజు ఇంటికి వెళ్ళేది లేదు. కరెంటుకు కూడా ఇలాంటి లెక్కే ఉన్నది. కాని దాన్ని సాయంత్రం దాకా ఆపడానికి వీల్లేదు. ఉత్పత్తి ఎంతో వాడకమూ అంతే, ప్రతి క్షణమూ సరిపోవాలి. తీగల్లో నిల్వ అనేది లేదు. తేడా వచ్చిందీ లేనిదీ చెప్పే కొలతే ఫ్రీక్వెన్సీ. పాఠ్యపుస్తకాల్లో పౌనఃపున్యం అంటారు. మన దేశంలో అది సెకనుకు 50 సైకిళ్ళు, అనగా 50 హెర్ట్జ్. వాడకం ఎక్కువైతే 50 కన్నా దిగుతుంది, ఉత్పత్తి ఎక్కువైతే 50 దాటుతుంది.

తిరునాళ్ళలో తేరు లాగడం ఊహించుకోండి. వందమంది ఒకే మోకు పట్టుకొని ఒకే అడుగు వేస్తున్నారు. ఆ అడుగే ఫ్రీక్వెన్సీ. కృష్ణపట్నం దగ్గరి దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లున్నాయి. అలాంటి యూనిట్‌లోని టర్బైను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. 3000ను 60తో భాగిస్తే 50. కాబట్టి గ్రిడ్డు అడుగుతోనే ఆ టర్బైను అడుగు పడుతుంది. లాగేవాళ్ళలో పదిమంది హఠాత్తుగా మోకు వదిలేశారనుకోండి. తేరు వెంటనే ఆగదు. దాని బరువు దాన్ని నాలుగడుగులు ముందుకు తీసుకుపోతుంది. ఆ నాలుగడుగుల్లో మిగిలినవాళ్ళు ఇంకొంచెం గట్టిగా లాగి వేగం నిలబెడతారు. కరెంటులోనూ అంతే. తిరుగుతున్న పెద్దపెద్ద యంత్రాల బరువే మొదటి కొన్ని సెకన్లు మనల్ని కాపాడుతుంది. దీన్ని జడత్వం అంటారు. ఆ వ్యవధిలో టర్బైన్ల గవర్నర్లు ఆవిరినో నీళ్ళనో ఎక్కువగా వదిలి లోటు పూడుస్తాయి. ఆ పైన నిమిషాల్లో కంట్రోలు రూమునుంచి ఆజ్ఞలు వెళ్ళి మళ్ళీ 50కి తెస్తాయి. ఈ మూడో పనిని కంప్యూటరు ద్వారా తనంతట తాను జరిగేట్టు చేసే పద్ధతి మన దేశంలో ప్రయోగంగా మొదలైన కేంద్రాల్లో విశాఖ దగ్గరి సింహాద్రి ఒకటి.

1980, 90ల్లో మనం చూసిన కరెంటు జ్ఞాపకం చేసుకోండి. సాయంత్రం ఆరయితే ఆఫీసులో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. అది వోల్టేజీ తక్కువ కావడం వల్ల కొంతా, ఫ్రీక్వెన్సీ పడిపోవడం వల్ల కొంతా. అప్పట్లో దక్షిణ గ్రిడ్డు వేళపట్టున 48కి దిగడం, అర్ధరాత్రి వాడకం తగ్గితే 51 దాకా పోవడం మామూలు. 2003 జనవరినుంచి దక్షిణాదిలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. ముందురోజే ఎవరెంత ఉత్పత్తి చేయాలో, ఎవరెంత తీసుకోవాలో పదిహేను నిమిషాలకొక గడి చొప్పున రోజుకు 96 గడులు రాసుకోవాలి. రాసుకున్నది తప్పితే, ఆ క్షణంలో ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూసి దాని ప్రకారం డబ్బు కట్టాలి. అందరికీ క్రమశిక్షణ అలవాటైంది. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూరు లైనుతో దక్షిణ గ్రిడ్డు మిగతా దేశంతో కలిసి దేశమంతా ఒకే అడుగు అయింది. ఈనాడు నియమం ప్రకారం 49.90కీ 50.05కీ మధ్య ఉండాలి. మా మనవరాలు ఫోనులో ఆ అంకె చూపిస్తుంటుంది. 49.97, 50.01 అని కదులుతుంటే నాకు నాడి చూసినట్టుంటుంది.

ఇక గాలిమరల సంగతికొస్తాను. మన రాష్ట్రంలో నాలుగు వేల మెగావాట్లకు పైగా గాలిమరలున్నాయి. దాదాపు అన్నీ పాత అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల కొండల మీద ఉన్నాయి. సముద్రం ఒడ్డున మనకింత గాలి ఉన్నా మరలు అక్కడే పెట్టారు. నైరుతి రుతుపవనాలు కొండల సందుల్లోంచి దూసుకొచ్చేది అక్కడ. మే చివరినుంచి సెప్టెంబరు దాకా వాటికి సీజను. 1990ల్లో రామగిరి కొండల మీద పెట్టిన ఆ కాలపు మరలు చాలావరకు నేరుగా గ్రిడ్డుకు తగిలించినవి. వాటి రెక్కల బరువు కూడా ఎంతో కొంత తేరును లాగేది. ఇప్పటి పెద్ద మరలు వేరు. గాలి తీరునుబట్టి తమ వేగం తాము మార్చుకుంటూ, మధ్యలో ఎలక్ట్రానిక్ పరికరం పెట్టి కరెంటు పంపుతాయి. దానివల్ల ఉత్పత్తి పెరిగింది గాని మోకుతో బంధం తెగింది. తేరు పక్కన నిలబడి కర్రతో నెట్టేవాడిలాగా అన్నమాట. అతని బలం కలుస్తుంది, కాని తేరు అడుగు తడబడిన సంగతి మోకు ద్వారా అతని చేతికి తెలియదు.

మా మనవరాలు ఒప్పుకున్న తగాదా ఇదే. గాలి బాగా వీచే రాత్రి, వాడకం తక్కువగా ఉన్నప్పుడు, చౌకదనం ఒక్కటే చూసి షెడ్యూలు రాస్తే ఏమవుతుంది? గాలికి బొగ్గు ఖర్చు లేదు కాబట్టి దాన్నంతా తీసుకొని కొన్ని బొగ్గు యూనిట్లు ఆపేస్తారు. తేరు బరువు తగ్గిపోతుంది. అప్పుడు ఒక పెద్ద యూనిట్ హఠాత్తుగా ఆగితే ఫ్రీక్వెన్సీ మునుపటికన్నా తొందరగా పడుతుంది. 49.4 దాకా పడిందంటే రిలేలు వాటంతట అవే కొన్ని ఊళ్ళకు కరెంటు కోయడం మొదలుపెడతాయి. పోనీ భయపడి బొగ్గు యూనిట్లన్నీ నడుపుదామంటే, వాటిని ఒక స్థాయికన్నా తగ్గించి నడపలేరు. అప్పుడు గాలిని వృథా చేయాలి, బొగ్గు కాల్చాలి. ఆ ఖర్చు మన బిల్లులోకే వస్తుంది.

అయితే నెట్టేవాడికి కళ్ళుండవా, చూసి నెట్టలేడా? నెట్టగలడు. మరకు ఫ్రీక్వెన్సీ కొలిచే పరికరం పెట్టి, పడిపోతుంటే ఇలా చేయమని నేర్పవచ్చు. అందులో రెండు పద్ధతులున్నాయి. మన భాషలో చెబుతాను.

మొదటిది పండగ అడ్వాన్సు. తిరుగుతున్న రెక్కల్లో బోలెడు శక్తి ఉంది. ఫ్రీక్వెన్సీ పడగానే కొన్ని సెకన్లపాటు ఆ శక్తిని కొంత లాగి గ్రిడ్డుకు ఇవ్వవచ్చు. కెనడాలోని క్వెబెక్‌లో గాలిమరలకు ఇది తప్పనిసరి చేశారు. కానీ పండగ అడ్వాన్సు తీసుకున్న మనకు తరువాతి నెలల్లో జీతంలో కోత పడేది గుర్తుందా? ఇక్కడా అంతే. రెక్కల వేగం తగ్గింది కాబట్టి, మళ్ళీ పుంజుకోవడానికి మర కొంతసేపు తక్కువ కరెంటు ఇస్తుంది. మరలన్నీ ఒకేసారి అడ్వాన్సు తీసుకొని ఒకేసారి కోత పెడితే ఫ్రీక్వెన్సీ రెండోసారి పడుతుంది. కాబట్టి ఆ కోత సమయానికి ఇంకొకరు అందుకోవాలి. జలవిద్యుత్తో, బ్యాటరీయో సిద్ధంగా ఉండాలి.

రెండవది లీవ్ రిజర్వు. మన ఆఫీసుల్లో ఎవరైనా సెలవు పెడితే పని ఆగకుండా లీవ్ రిజర్వు పోస్టులుండేవి. అలాగే గాలిమరల కేంద్రం 100 మెగావాట్లు ఇవ్వగలిగిన గాలి ఉన్నప్పుడు 90 మాత్రమే ఇచ్చి 10 చేతిలో ఉంచుకుంటుంది. రెక్కల కోణం కాస్త తిప్పితే చాలు, గాలి జారిపోతుంది. ఫ్రీక్వెన్సీ పడగానే కోణం సరిచేసి ఆ 10 ఇస్తుంది. ఇది అడ్వాన్సు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. గాలి ఉన్నంతసేపూ ఇవ్వవచ్చు. ఫ్రీక్వెన్సీ ఎక్కువైతే తగ్గించడం ఇంకా తేలిక.

2019లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు సవరించి, 33 కె.వి., ఆ పైన కలిసే 10 మెగావాట్లు దాటిన కొత్త గాలి, సౌర కేంద్రాలకు ఈ సౌకర్యం ఉండాలని చెప్పింది. ఫ్రీక్వెన్సీ 0.3 హెర్ట్జ్ కన్నా ఎక్కువ తప్పితే ఒక సెకనులోపల కనీసం పది శాతం మేరకు స్పందించగలగాలి. అంటే జనరేటరు కొని పెట్టమన్నారు. బాగానే ఉంది. అసలు ప్రశ్న తరువాతిది. గాలి వీచినంతా యూనిట్ లెక్కన అమ్ముకునే యజమాని, పదో వంతు అమ్మకుండా ఎందుకు ఆపుకుంటాడు? ఆపుకోకపోతే, పెంచమన్నప్పుడు పెంచడానికి చేతిలో ఏముంటుంది? పరికరం ఉండడం వేరు, ఆ రాత్రికి దాని పక్కన మంచం వేసుకొని మనిషి పడుకోవడం వేరు.

నేను ఎర్ర పెన్సిలుతో గీత కొట్టింది ఈ పద్దు మీదనే.

కాబట్టి పరిష్కారం షెడ్యూలులో ఉన్నదని మా మనవరాలు అంటుంది. రేపటి షెడ్యూలు రాసేటప్పుడు ఎవరు ఎంత కరెంటు ఇస్తారన్న ఒక్క కాలమ్ చాలదు. ఆసరా డ్యూటీ ఎవరిదన్న కాలమ్ కూడా ప్రతి గడిలోనూ ఉండాలి. దేశంలో పెద్ద నష్టం ఏది జరగవచ్చు, అది జరిగితే మొదటి సెకన్లలో ఎవరు పట్టుకుంటారు, అర నిమిషంలో ఎవరు, పది నిమిషాల్లో ఎవరు, ఇవన్నీ ముందే రాయాలి. ఫలానా గడిలో గాలి జోరుగా ఉందని అంచనా ఉంటే, గాలిమరలకే కొంత ఆసరా డ్యూటీ వేసి ఒక బొగ్గు యూనిట్‌ను విశ్రాంతికి పంపవచ్చు. పదో వంతు గాలి ఆపినందువల్ల పోయేది ఒకవైపు, బొగ్గు యూనిట్‌ను ఊరికే తిప్పనందువల్ల మిగిలేది ఒకవైపు పెట్టి తూచాలి. ఏది చౌక అయితే అది రాయాలి. ఒక రాత్రి ఇది, ఇంకొక రాత్రి అది. అంచనా తప్పవచ్చు గనక గాలి ఆసరాను మొత్తం నమ్ముకోకుండా, తప్పే అవకాశం మేరకు శ్రీశైలం, సాగర్ లాంటి చోట్ల నీటిని కూడా చేతిలో ఉంచుకోవాలి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, ఉత్పత్తి చేయడమే కాక నీటిని తిరిగి పైకి ఎత్తగలిగే విధంగా కట్టినవే.

గాలి అంచనా అంటే జోస్యం అనుకోకండి. 2015లో కేంద్ర కమిషన్, ఆ తరువాత 2017లో మన రాష్ట్ర కమిషన్, గాలి, సౌర కేంద్రాలు కూడా ముందురోజే 96 గడులు నింపి ఇవ్వాలని నియమం పెట్టాయి. కేంద్ర కమిషన్ ఆ పద్ధతిలో రోజుకు 16 సార్లు సవరించుకోనిచ్చారు, 15 శాతం దాకా తప్పును మాఫీ చేశారు, తరువాత ఆ మినహాయింపు బిగించుకుంటూ వచ్చారు. మా మనవరాలి ఉద్యోగం ఆ గడులు నింపడమే. "మీరు ట్రెజరీలో నింపినట్టే తాతా, కాకపోతే నాది రేపటి లెక్క" అంటుంది.

ముందే డ్యూటీ వేసుకుంటే ఏమవుతుందో, వేసుకోకపోతే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చెబుతాను.

2020 ఏప్రిల్ 5వ తేదీ రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలు దీపాలార్పి ప్రమిదలు వెలిగించమన్నారు. మనమందరం గుమ్మాల్లో నిలబడ్డాం. మనం ప్రమిదలో నూనె పోస్తున్న సమయానికి దేశంలోని కంట్రోలు రూముల్లో ఎవరికీ ఊపిరాడలేదు. వాడకం 12, 13 వేల మెగావాట్లు తగ్గవచ్చని వాళ్ళు అంచనా వేసుకున్నారు. తీరా తగ్గింది 31,089 మెగావాట్లు. అంచనాకు రెండింతలు మించింది. అయినా ఫ్రీక్వెన్సీ 49.70కీ 50.26కీ మధ్యనే ఉండి గ్రిడ్డు నిలబడింది. ఎందుకు? ముందే బొగ్గు యూనిట్లు తగ్గించి, జలవిద్యుత్తు పెంచి పెట్టుకున్నారు. సమయం రాగానే నీళ్ళు కట్టేశారు. దీపాలు వెలగగానే మళ్ళీ వదిలారు. ఎవరెప్పుడు ఎంత దించాలో, ఎంత ఎత్తాలో డ్యూటీ చార్టు ముందే చేతిలో ఉంది. అంచనా తప్పినా కాపాడింది ఆ సిద్ధమే.

రెండోది 2019 ఆగస్టు 9న ఇంగ్లండులో జరిగింది. సాయంత్రం ఒక లైను మీద పిడుగు పడింది. ఆ అదురుకు సముద్రంలోని హార్న్‌సీ గాలిమరల కేంద్రం 737 మెగావాట్లు తగ్గింది. దాదాపు అదే సమయంలో లిటిల్ బార్‌ఫర్డ్ గ్యాస్ కేంద్రం ఆగింది. ఇళ్ళ దగ్గరి చిన్న ఉత్పత్తి కేంద్రాలు కూడా చాలా తప్పుకున్నాయి. ఆ రోజు చేతిలో ఉంచుకున్న ఆసరా సుమారు వెయ్యి మెగావాట్లు, అంటే ఒక పెద్ద నష్టానికి సరిపడేంత. పోయింది దానికన్నా చాలా ఎక్కువ. ఫ్రీక్వెన్సీ 48.8కి పడి, సుమారు పది లక్షల పైచిలుకు కనెక్షన్లకు కరెంటు కోసి గ్రిడ్డును నిలబెట్టుకున్నారు. ముప్పావు గంటలో కరెంటు వచ్చింది గాని రైళ్ళు రాత్రంతా అవస్థ పడ్డాయి. ఇందులో గాలిమర దోషి అనీ చెప్పలేం, గ్యాస్ దోషి అనీ చెప్పలేం. రెండూ పోయాయి. చాలనిది చార్టులో రాసుకున్న ఆసరా.

గాలి ఎక్కువైతే నిలకడ అసాధ్యమన్న మాట కూడా నిజం కాదు. ఐర్లండు చిన్న ద్వీపం, మనకున్నంత పెద్ద గ్రిడ్డు కాదు. అక్కడ 2022నాటికి ఏ క్షణంలోనైనా 75 శాతం దాకా గాలి వంటి వనరుల కరెంటు తీసుకొనే స్థితికి వచ్చారు. ఒక్కసారిగా రాలేదు. మెట్టుమెట్టుగా పరీక్షిస్తూ, కొన్ని పెద్ద యంత్రాలు ఎప్పుడూ తిరుగుతుండాలని నియమం పెట్టుకొని, ఆసరా ఇచ్చేవాళ్ళకు దానికి విడిగా డబ్బు చెల్లిస్తూ వచ్చారు. ఆ చివరి మాట గమనించమని కోరుతున్నాను. ఆసరాకు విడిగా డబ్బు.

ఇది మనకెందుకు అంటారేమో. ఏటా మన విద్యుత్ నియంత్రణ మండలి చార్జీలు నిర్ణయించే ముందు బహిరంగ విచారణ జరుపుతుంది. ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టవచ్చు, వెళ్ళి మాట్లాడవచ్చు. మనలో కొందరు వెళ్ళారు కూడా. అక్కడ మనం సాధారణంగా అడిగేది, "వాడని కరెంటుకు డబ్బు ఎందుకిస్తున్నారు, ఊరికే నిలబెట్టిన యంత్రానికి చార్జీ ఏమిటి" అని. నేనూ అదే అడిగేవాణ్ణి. అన్ని సందర్భాల్లోనూ ఆ ప్రశ్న తప్పని నేననడం లేదు. నిజంగా అక్కరలేని దానికి డబ్బు పోతుంటే అడగవలసిందే. కానీ ఆ ప్రశ్నకు ముందు ఇంకొక మూడు ప్రశ్నలు వేయాలని మనవి. ఆ యంత్రం ఊరికే నిలబడి ఉందా, ఆసరా డ్యూటీలో ఉందా? ఆ డ్యూటీ చార్టులో రాసి ఉందా? దాన్ని ఆమధ్య ఎప్పుడైనా నడిపి పరీక్షించారా? ఈ మూడింటికీ అవునన్న జవాబు వస్తే, ఆ డబ్బు వృథా కాదు. కాదన్న జవాబు వస్తే అది బొగ్గయినా, నీరయినా, గాలయినా ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. గాలిమరలవాళ్ళను కూడా అడుగుదాం, మీ పరికరం స్పందించిన రికార్డు చూపించండి అని. చూపించినవారికి డబ్బు ఇద్దాం.

తేడా తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి. ఇదంతా బాగుపడ్డా, మన ఊరి లైను మీద కొమ్మ పడితే మన కరెంటు పోతుంది. అది గ్రిడ్డు నిలకడ కాదు, లైను మరమ్మతు. దానికి చెట్లు కొట్టించడం, తీగలు మార్చడం వేరే పని. రెండూ కలిపి గాలిమరల మీదికి నెడితే, చేయవలసిన రెండు పనుల్లో ఒకటీ జరగదు. నేను చేసిన పొరపాటు అదే.

మిత్రులారా, మనం ఉద్యోగాల్లో ఉన్నప్పుడు మనలో చాలామందిమి ఇలాంటి డ్యూటీలు చేశాం. తుపాను హెచ్చరిక వస్తే రాత్రంతా ఆఫీసులో కూర్చునేవాళ్ళం. తుపాను ఒంగోలు వైపు తిరిగిపోతే తెల్లారి ఇంటికి వచ్చేవాళ్ళం. ఆ రాత్రి మనం చేసిన పనేమిటని ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక్క కాగితం ఉండేది కాదు. అయినా ఆ రాత్రికి జీతం ఇవ్వనక్కరలేదని ఎవరైనా అంటే మనం ఒప్పుకునేవాళ్ళమా? నకారా తీర్పు చెప్పిందీ ఇంచుమించు అలాంటిదే గదా. పనికి సిద్ధంగా గడిపిన కాలమూ సేవే.

ఆ తరువాతి పంటకు మా అల్లుడు మళ్ళీ గుంటలు దించాడు. నేను స్వయంగా వెళ్ళి ఆ కాపలా మనిషిని పిలుచుకొచ్చాను. నన్ను చూసి నవ్వి, "ఏం సార్, ఇప్పుడు నిద్రపోవచ్చా?" అన్నాడు. జమాఖర్చుల పుస్తకంలో ఆ పద్దు మళ్ళీ రాశాను. నెలకు ఏడువేల అయిదువందలు, పాతదానికన్నా ఎక్కువే. ఆ పక్కన ఇంకొక గడి గీశాను, "జనరేటరు నడిపి చూసిన తేదీ" అని. ప్రతి శనివారం దాంట్లో సంతకం ఉండాలి. లేకపోతే ఆ వారం జీతం పాసు చేయను. ఎంతయినా ట్రెజరీవాణ్ణి.